అణువిద్యుత్కేంద్రమునకు చోటు చూచుట
(సిరిగేరి పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సరిహద్దు సీమలో తెలుగు చదువును నిలుపుచున్న పాఠశాల వార్షికోత్సవమున మాటలాడు అవకాశము కల్పించిన సంఘమువారికి కృతజ్ఞులము. ఏదేని ఒక శాస్త్రవిషయమును పిల్లలకును పెద్దలకును తెలియునట్లు చెప్పవలెనని వారు కోరిరి. మేము ఎన్నుకొన్న విషయమిది: ఫలానిచోట అణువిద్యుత్కేంద్రమును కట్టవలెనను ప్రతిపాదన వచ్చినపుడు, ఆ చోటు క్షేమమైనదా కాదా యని ఎట్లు పరీక్షింతురు? ఆ పరీక్షలో చోటు తెలిసినవారికి పాలు ఉన్నదా?

సిరిగేరికిని అణుకేంద్రమునకును సంబంధమేమని కొందరు అనుకొనవచ్చును. మన చుట్టు ఉన్నవి వరిమళ్ళు, రేగడి చేలు, తుంగభద్ర కాలువలు. కాని ఆంధ్రప్రదేశమున, శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలములో, కొవ్వాడ యను సముద్రతీర గ్రామమువద్ద అణువిద్యుత్కేంద్రము కట్టుటకు కేంద్రప్రభుత్వము 2009లో సూత్రప్రాయముగా అనుమతి నిచ్చినది. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటిని అచ్చట నెలకొల్పవలెనని ప్రతిపాదన. ఇక మనమున్న కర్ణాటకమున కాళీనది ఒడ్డున కైగాలో ఒక్కొక్కటి 220 మెగావాట్ల రియాక్టర్లు నాలుగు పనిచేయుచున్నవి. భాషచేత ఒక రాష్ట్రమునకు, నివాసముచేత మరియొక రాష్ట్రమునకు బంధువులమైన మనకు ఈ రెండును పరాయి విషయములు కావు. అంతియేగాక, ఈ బల్లలపై కూర్చున్న పిల్లలలో రేపు ఇంజనీర్లు కాగలవారు, భూగర్భశాస్త్రజ్ఞులు కాగలవారు, జిల్లా అధికారులు కాగలవారు ఉన్నారు.

చోటు చూచుట యనునది మనకు క్రొత్త విద్య కాదు. నల్లరేగడిలో ఇల్లు కట్టువాడు ఏమి చేయును? రేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱియలు విచ్చును. పైపైన పునాది వేసినచో రెండేండ్లలో గోడ పగులును. అందుచే గట్టి గరుసు తగులువరకు త్రవ్వి, అచ్చటినుండి పునాది లేపుదుము. వాగు ఎంతవరకు వచ్చునో ముసలివారిని అడిగి తెలిసికొందుము. అణుకేంద్రమునకు చోటు చూచుటయు మూలమున ఇదియే. భేదమెచ్చట ననగా, ఇంటి గోడ పగిలినచో ఒక కుటుంబము కష్టపడును. అచ్చట పొరపాటు జరిగినచో అనేక గ్రామములు, అనేక సంవత్సరములు కష్టపడును.

ఏల అంత జాగ్రత్త? తక్కిన యంత్రములు ఆపిన వెంటనే ఆగును. రియాక్టరు అట్లు కాదు. దానిని ఆపిన క్షణమున కూడ పూర్తి వేడిమిలో నూటికి ఆరేడు పాళ్ళు మిగిలి యుండును. ఒక దినము గడచిన తరువాతను అరపాలు ఉండును. పొయ్యిలోని కట్టెలను లాగివేసినను నిప్పులు చాలసేపు కనకనలాడునట్లే, ఇంధనములోని అణువుల విచ్ఛిత్తి నిలిచినను వాని శిథిలములనుండి వేడి పుట్టుచునే యుండును. పెద్ద రియాక్టరులో ఆ నూటికి ఆరేడు పాళ్ళనగా సుమారు రెండువందల మెగావాట్ల వేడి. దానిని తీసివేయుటకు నీరు కావలెను. సామాన్యముగా ఆ నీటిని నడుపుటకు విద్యుత్తు కావలెను. కావున చోటును పరీక్షించువాని మొదటి ప్రశ్న ఇది: నీటిని, విద్యుత్తును, వానికి మారుగా ఉంచిన ఏర్పాట్లను ఒకేసారి పోగొట్టగల శక్తి ఈ చోట ఏదైనా ఉన్నదా?

శాస్త్రజ్ఞులు ఈ పరీక్షను మూడు భాగములుగా చేయుదురు. చోటు కేంద్రమునకు ఏమి చేయగలదు? కేంద్రము చోటునకు ఏమి చేయగలదు? ఆపద వచ్చినచో అచ్చటి ప్రజలను కాపాడుట సాధ్యమా? ఈ మూటిలో ఏ ఒక్కదానికి సరియైన సమాధానము లేకున్నను చోటు పనికిరాదు.

మొదట భూమి సంగతి చూతము. దక్కను పీఠభూమి కదలని బండయని ఒకప్పుడు గట్టిగా నమ్మెడివారు. 1967 డిసెంబరులో మహారాష్ట్రములోని కోయ్నావద్ద వచ్చిన భూకంపము ఆ నమ్మకమును కదల్చెను. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున వేలకొలది ప్రజలు నిద్రలోనే మరణించిరి. తెలుగు సీమలో 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలము కంపించినవి. 1843లో మన బళ్ళారి సీమయే కంపించినట్లు భూకంపముల పట్టికలలో నమోదై యున్నది. కదలదని పేరుపడిన భూమికూడ అరుదుగా కదలునని దీనివలన తేలుచున్నది.

అందుచే చోటుచుట్టు సుమారు మూడువందల కిలోమీటర్ల మేర పూర్వభూకంపముల చరిత్రను సేకరింతురు. భూమిపొరలలోని పగుళ్ళను, అనగా భ్రంశములను, పటములపై గుర్తింతురు. కదలగల భ్రంశము 5 కిలోమీటర్లలోపల ఉన్నచో ఆ చోటును విడిచిపెట్టవలెనని మన దేశపు నియమము. అటుపై పదివేల ఏండ్లకు ఒకమారు రాదగిన భూకంపమును లెక్కగట్టి, దానికి తట్టుకొనునట్లు కట్టవలెను. పదివేల ఏండ్లనగానే అది మన కాలమున రాదని తలపరాదు. ఏటికి పదివేలలో ఒకపాలు అవకాశమని దాని అర్థము. కేంద్రము అరువది ఏండ్లు నడచినచో ఆ అవకాశము నూటికి సుమారు 0.6 అగును. మన దేశమున వ్రాతలోనున్న భూకంప చరిత్ర చాల భాగము ఇటీవలి రెండుమూడు శతాబ్దములది. మిగిలిన కాలమును గూర్చి కాగితములు చెప్పవు, మట్టి చెప్పవలెను. కావుననే కందకములు త్రవ్వి, పొరలు ఎచ్చట తెగినవో, ఎచ్చట జారినవో చూతురు.

తీరప్రాంతమున మరియొక సంగతి కలదు. నీటితో నిండిన వదులు ఇసుక భూకంపమున గట్టినేల గుణమును కోల్పోయి, చిక్కని ద్రవమువలె ప్రవర్తించును. 1964లో జపానులోని నీగాతా పట్టణమున మేడలు విరుగకయే ప్రక్కలకు ఒరిగిపోయినవి. రేగడిలో గరుసు వెదకు మనకు ఇది సులభముగా అర్థమగును. కొవ్వాడవంటి తీరములో పైని ఇసుక ఎంతలోతు, గట్టిరాయి ఎచ్చట దొరకును అను ప్రశ్న అట్టిదే.

ఇక నీరు. నీటివలన వచ్చు ముప్పును గూర్చి తుంగభద్ర ఒడ్డువారికి చెప్పవలసిన పని లేదు. 2009 అక్టోబరు మొదట వచ్చిన వరద మంత్రాలయమును, కర్నూలు నగరమును ముంచెను. శ్రీశైలము ఆనకట్టకు, దానిని కట్టునాడు లెక్కించిన వరదను మించిన వరద వచ్చెను. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హొసపేటవద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. ఆకాశమున తుపాను లేదు, భూమి కంపింపలేదు. ఒక గొలుసు తెగెను. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యమున కార్మికులు పారుచున్న నీటిలోనే తాత్కాలికపు గేటును దింపినందున ఆయకట్టుకు కొంత నీరు దక్కినది. ఈ రెండు సంఘటనలలో చోటు పరీక్షకు రెండు పాఠములు ఉన్నవి. లెక్కను మించిన వరద రావచ్చును. లెక్కకు లోబడిన నీరుకూడ ఒక చిన్న భాగము చెడుటచే అదుపు తప్పవచ్చును. కైగావంటి చోట, ఎగువన సూపా, కొడసళ్ళి ఆనకట్టలు ఉన్నందున, వాన ఎంత కురియును అని అడిగిన చాలదు. పైని ఆనకట్ట తెగినచో నీరు ఎంత ఎత్తు వచ్చును, వానయు తెగుటయు ఒకేనాడు సంభవించినచో ఏమగును అని అడుగవలెను.

మన దేశపు అణుకేంద్రములు నీటి పరీక్షను కొన్ని సార్లు ఎదుర్కొన్నవి. 1994 జూనులో గుజరాతునందలి కాక్రపారువద్ద భారీవర్షములకు జలాశయము పొంగి, నీరు టర్బైను భవనములోనికి వచ్చెను. 2004 డిసెంబరు 26న సునామి కల్పాక్కము తాకినపుడు సముద్రపునీటిని తోడు పంపుల గృహము మునిగెను. నడచుచున్న రియాక్టరును క్షేమముగా ఆపగలిగిరి. ఈ రెండు చోటులను పెద్ద ఆపద లేకుండ గడచినది. కాని నీరు తలుపునుండియే రాదని, కేబుళ్ళ కాలువలనుండి, గొట్టపు సందులనుండి కూడ వచ్చునని అచ్చట నేర్చికొనవలసి వచ్చినది.

2011 మార్చి 11న జపానులో జరిగినది విద్యార్థులు శ్రద్ధగా వినదగినది. ఫుకుషిమా దైచీ కేంద్రమును కట్టునాడు అచ్చట ముప్పది మీటర్లకు మించిన ఎత్తుగల మిట్ట ఉండెను. సముద్రపునీటిని తోడుట సులువగునని, పునాది రాతిపై నిలుచునని ఆ మిట్టను చెక్కి సుమారు 10 మీటర్ల మట్టమునకు దించిరి. అచ్చట రాగల సునామి 5.7 మీటర్లకు మించదని తరువాత లెక్కగట్టిరి. వచ్చినది సుమారు 14 మీటర్ల ఎత్తు వచ్చెను. విద్యుత్తు భూకంపముచే పోయెను; మారుగా ఉంచిన డీజిలు జనరేటర్లు నేలమాళిగలలో ఉండి మునిగెను; మూడు రియాక్టర్ల ఇంధనము కరగెను. అదే తీరమున, భూకంప కేంద్రమునకు ఇంకను దగ్గరగా ఒనగావా యను మరియొక అణుకేంద్రము ఉన్నది. అచ్చట కట్టుబడి కాలమున యానోసుకె హిరాయి అను ఇంజనీరు, క్రీ.శ. 869లో ఆ సీమను ముంచిన మహాతరంగమును మరువరాదని పట్టుబట్టి, కేంద్రమును 14 మీటర్లకు పైబడిన ఎత్తున నిలుపుటకు కారకుడయ్యెను. ఆనాడు ఒనగావా నిలిచినది. ఇండ్లు కోల్పోయిన చుట్టుపట్ల గ్రామస్థులు ఆ కేంద్రపు ఆవరణములోనే ఆశ్రయము పొందిరి. రెండు చోటులను తాకినది ఒకే సముద్రము. ఒకచోట పదకొండు శతాబ్దముల పూర్వపు జ్ఞాపకమును లెక్కలో చేర్చిరి; రెండవచోట చేర్చలేదు.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇచ్చటనే ఉన్నది. చోటునకు ఒక జ్ఞాపకము ఉండును. కొంత మట్టిలో, కొంత వ్రాతలో, కొంత మనుష్యులలో ఉండును. ఆ మూడింటిని అడుగక చేసిన లెక్క, ఎంత పెద్ద యంత్రముతో చేసినను, సగము లెక్కయే.

కొవ్వాడకు ఈ మాటను అన్వయింతము. ఆ తీరము తుపానులకు దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై విరుచుకొనిపడెను. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళము జిల్లాలోనే తీరము దాటెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తెలుగువారు మరువలేరు. కొవ్వాడకు ప్రతిపాదించిన ఏపీ 1000 అను తరగతి రియాక్టరునకు ఒక మంచి గుణము కలదు. పైనున్న తొట్టిలోని నీరు తనంత దిగివచ్చి, బయటి విద్యుత్తు లేకున్నను 72 గంటలు చల్లపరచునట్లు దానిని రూపొందించిరి. ఇది గొప్ప అభివృద్ధి యని ఒప్పుకొనవలెను. కాని చోటు అడుగు ప్రశ్న వేరు. తిత్లీ తరువాత శ్రీకాకుళపు పల్లెలు అనేకములలో 72 గంటలకు దీపము వెలుగలేదు. స్తంభములు వేలకొలది పడిపోయినవి, దారులు చెట్లతో మూసికొనిపోయినవి. అట్టి దినములలో నాలుగవ రోజున తొట్టికి నీరు, పంపులకు నూనె, పనికి మనుష్యులు ఏ దారిన వత్తురు? యంత్రము మంచిదగుటచే చోటును పరీక్షింపనక్కర తీరదు.

మానవులు కల్పించు ముప్పులు కూడ ఉన్నవి. కొవ్వాడ ఉన్న మండలములోనే పైడిభీమవరమున మందుల, రసాయనముల కర్మాగారములు వెలసినవి. 2020 మే 7న విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురమున ఒక కర్మాగారమునుండి వెలువడిన స్టైరీను ఆవిరి తెల్లవారుజామున పన్నెండుగురి ప్రాణములు తీసెను. అట్టి విషవాయువు నియంత్రణగృహములోని ఉద్యోగులను తాకినచో రియాక్టరును ఎవరు చూతురు? పొరుగు జిల్లాలోని భోగాపురమున విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన చేసిరి. విమానమార్గములను గూర్చియు లెక్క చూడవలసి యుండును.

రెండవ భాగము, కేంద్రము చోటునకు ఏమి చేయగలదనునది. గాలి పగలు సముద్రమునుండి నేలకును, రాత్రి నేలనుండి సముద్రమునకును వీచును. ఏ ఋతువున ఎటు వీచునో కనీసము ఒక సంవత్సరమైనను కొలువవలెను. బావినీరు ఎటు పారునో తెలియవలెను. చల్లపరచి వదలిన వేడినీటిచే తీరపు చేపలు ఎటు తొలగునో మత్స్యకారులకు అది జీవన్మరణ ప్రశ్న. మూడవ భాగము ప్రజలది. మన నియమములనుబట్టి రియాక్టరు చుట్టు ఒకటి ఒకటిన్నర కిలోమీటర్ల వలయమున నివాసములు ఉండరాదు. 5 కిలోమీటర్లలోపల జనసంఖ్య సహజమైన పెరుగుదలకు మించి పెరుగరాదు. 16 కిలోమీటర్లవరకు ఆపత్కాల ప్రణాళిక సిద్ధముగా ఉండవలెను. ఆ ప్రణాళిక ఎండకాలపు పగటివేళకు మాత్రమే సరిపోయినచో చాలదు; గాలివాన రాత్రియందు, చంకబిడ్డలతో, ముసలివారితో కదలుటకు సరిపోవలెను.

ఇట్లనుటచే మేము అణువిద్యుత్తునకు విరోధులమని తలపవలదు. బొగ్గు పొగ ఎట్టిదో బళ్ళారి జిల్లావారికి తెలియును. హైదరాబాదు అణుఇంధన సముదాయమున, మణుగూరు భారజల కర్మాగారమున పనిచేసిన తెలుగువారు ఎందరో కలరు. వారి విద్య మనకు గర్వకారణము. భయమే శాస్త్రమని చెప్పువారితోను, అనుమానమే దేశద్రోహమని చెప్పువారితోను మేము ఏకీభవింపము. మా దృష్టిలో నమ్మదగిన పరీక్షకు లక్షణములు మూడు. కట్టువాడు వేరు, పరీక్షించువాడు వేరు కావలెను. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలిని నెలకొల్పుటలోని ఉద్దేశము ఇదియే. పరీక్షాఫలితము పదిమంది చదువునట్లు ప్రకటింపబడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పరీక్షకు ‘ఈ చోటు వలదు’ అను ఫలితము కూడ సాధ్యము కావలెను.

ఇట్లు వలదన్న సందర్భము నిజముగా ఉన్నది. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున బొడేగాబే వద్ద 1960 ప్రాంతమున అణుకేంద్రము కట్టబూనిరి. రియాక్టరుకై త్రవ్విన గోతిలోనే భూగర్భశాస్త్రజ్ఞులకు ఒక భ్రంశము కనబడెను. సాన్ ఆండ్రియాస్ అను మహాభ్రంశము సమీపముననే ఉన్నది. స్థానికులు ప్రశ్నించిరి, శాస్త్రజ్ఞులు నిజము చెప్పిరి, 1964లో కంపెనీ ఆ చోటును విడిచిపెట్టెను. ఆ గోయి నేడు నీరు నిండిన కొలను. వ్యర్థమైన గోయియని కొందరనిరి. గోతితో పోయినదానిని నష్టమనుట కంటె లాభమనుటయే న్యాయము.

తుదిమాట భాషను గూర్చినది. పెద్దపరిశ్రమలకు పర్యావరణానుమతి కోరునపుడు, ప్రభావనివేదిక సారాంశమును ఇంగ్లీషులోను, స్థానిక అధికారభాషలోను అందుబాటులో ఉంచి, ప్రజాభిప్రాయసభ జరుపవలెనని 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన విధించినది. కాని వేలపుటల అసలు నివేదిక ఇంగ్లీషులోనే యుండును. సారాంశము తెలుగులో ఉన్నను, ‘పునరావృత్తి కాలము’ అనగా ఏమో తెలియని మత్స్యకారుడు దానిని ఎట్లు ప్రశ్నించును? మన సరిహద్దు సీమలో ఈ చిక్కు రెట్టింపు. మన జిల్లాలో ఏ పరిశ్రమ ప్రకటన వచ్చినను అది న్యాయముగానే కన్నడమున వచ్చును. తెలుగు మాత్రమే చదువనేర్చిన పెద్దలు మన ఇండ్లలో ఉన్నారు. వారికి, ప్రభుత్వమునకు నడుమ నిలువగలవాడు కన్నడము, తెలుగు, ఇంగ్లీషు మూడును నేర్చిన మన పాఠశాల విద్యార్థియే. మాతృభాషను నిలుపుకొనుట పద్యములు పాడుకొనుటకు మాత్రమే కాదు. అవ్వకు ఆపద సంగతి తెలుపుటకును, అవ్వ చెప్పిన సంగతిని అధికారికి తెలుపుటకును.

విద్యార్థులారా! మీకు ఒక చిన్నపని అప్పగించి సెలవు తీసికొందుము. పాఠశాలలో ఒక పుస్తకము తెరవుడు. 2009 వరదకు నీరు మీ మీ ఊళ్ళలో ఎంతవరకు వచ్చినదో పెద్దలను అడిగి, గోడపై గుర్తు కొలిచి, తేదీతో వ్రాయుడు. ఏటేట వాన ఎంత కురిసినదో వానకొలత పాత్రతో కొలిచి వ్రాయుడు. ఏ బావి ఎప్పుడు ఎండినదో, ఏ వాగు ఎప్పుడు దారి మార్చినదో వ్రాయుడు. తెలుగునను కన్నడమునను వ్రాయుడు. రేపు ఈ సీమలో ఏ పెద్ద కట్టడమునకు చోటు చూచుటకు ఎవరు వచ్చినను, ఆ పుస్తకమును వారి ముందు ఉంచగలుగుదురు. లెక్కలు వారు తెత్తురు. చోటు జ్ఞాపకమును మీరు ఈయవలెను.